గ్రూపులో ఉండాలా, బయటికి రావాలా?

వాట్సాప్ గ్రూపులు, ఫేస్‌బుక్ గ్రూపులు, టెలిగ్రామ్ ఛానళ్లు, డిస్కార్డ్ సర్వర్లు (ఆటలాడేవాళ్లు ఎక్కువగా వాడే డిస్కార్డ్‌లో గ్రూపుల్ని ఇలా అంటారు). ఈసారి పాఠకులు అడిగినవి దాదాపు అన్నీ వీటి చుట్టూనే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: "ఆన్‌లైన్ గ్రూపులన్నీ ఉత్త కాలక్షేపం, బయటికొచ్చేయ్" అంటారు మావారు. నాకేమో వాటివల్లే చాలా పనులు అవుతున్నాయి. అసలు లాభం ఎక్కువా, నష్టం ఎక్కువా?

మీ ఇద్దరి మాటా నిజమే అయ్యుండొచ్చు. అన్ని గ్రూపుల్నీ ఒకే గాటన కట్టేస్తే లెక్క ఎప్పటికీ తేలదు.

ముందు లాభం సంగతి. కొత్త ఉద్యోగం కబురు మనకు ఎవరి దగ్గర్నుంచి అందుతుంది? ప్రాణస్నేహితుల కంటే ముఖపరిచయస్తుల దగ్గర్నుంచే ఎక్కువగా అందుతోందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో చూపించారు. దగ్గరివాళ్లకు తెలిసిందంతా మనకూ తెలిసే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి పలకరించేవాళ్లు వేరే మనుషుల మధ్య తిరుగుతుంటారు, అందుకే వాళ్ల దగ్గర మనకు తెలియని కబుర్లుంటాయి. మంచి ఆన్‌లైన్ గ్రూపు చేసే అసలు ఉపకారం అదే. వందలమంది ముఖపరిచయస్తుల్ని ఒక్క ప్రశ్న దూరంలో ఉంచుతుంది. పాత కుట్టుమిషన్‌కి విడిభాగం ఎక్కడ దొరుకుతుందో, ఫలానా కోర్సు చదివినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో ఇంట్లోవాళ్లకు తెలియకపోవచ్చు. గ్రూపులో ఎవరో ఒకరికి తెలిసుంటుంది.

ఇక నష్టం. 2018లో అమెరికా మధ్యంతర ఎన్నికలకు ముందు కొందరు ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొంతమందికి డబ్బిచ్చి నాలుగు వారాలపాటు ఫేస్‌బుక్ ఖాతా ఆపించారు. ఫలితాలు 2020లో వచ్చాయి. రోజుకు సగటున ఓ గంట మిగిలింది, మనసు కాస్త కుదుటపడింది, రాజకీయంగా ఎడమొహం పెడమొహంగా ఉండటం తగ్గింది. దాంతోపాటు వార్తలు తెలియడం కూడా తగ్గింది. ప్రయోగం అయిపోయాక కూడా చాలామంది వాడకం మునుపటంత పెంచలేదు. మనసు కుదుటపడటం "కాస్త" మాత్రమేనన్నది గమనించండి. గ్రూపులు మానేస్తే జీవితం మారిపోతుందనేవాళ్లూ, మానేస్తే లోకం ఆగిపోతుందనేవాళ్లూ ఇద్దరూ గోరంతలు కొండంతలు చేస్తున్నట్టే.

మీ ఇంట్లో తగువు తీరాలంటే ఒక చిన్న పని చేయండి. మీరున్న గ్రూపులన్నీ కాగితం మీద రాసి, ఒక్కోదానికీ మూడు ప్రశ్నలు వేసుకోండి. గత నెలలో ఇందులో నేనేమైనా అడిగానా? ఎవరికైనా ఏదైనా చెప్పానా? ఇక్కడ తెలిసినదానితో బయట ఏదైనా పని చేశానా? మూడింటికీ "లేదు" అయితే ఆ గ్రూపును మ్యూట్‌లో పెట్టి ఆర్కైవ్ చేయండి. వాట్సాప్‌లో ఒకసారి ఆర్కైవ్ చేస్తే, కొత్త సందేశాలు వచ్చినా అది పైకి తేలదు. నెల తర్వాత కూడా ఆ గ్రూపు గుర్తు రాకపోతే బయటికి వచ్చేయొచ్చు. ఒక్క "అవును" ఉన్నా ఉండండి. ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ లేదా స్క్రీన్ టైమ్ అని ఉంటుంది. అందులో రోజుకి ఎన్ని నిమిషాలో చూడండి. మీవారినీ ఆయన ఫోన్‌లో అదే చూసుకోమనండి.

ప్రశ్న: మా కాలేజీ పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుకి నేనే అడ్మిన్‌ని. 380 మంది ఉన్నాం. పొద్దున లేస్తే శుభోదయాలు, ఫార్వర్డులు, ఎన్నికలొస్తే గొడవలు. మంచివాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మూసేయమంటారా?

మూసేయకండి. నడిపే తీరు మార్చండి.

ఆన్‌లైన్ బృందాల్లో నూటికి తొంభైమంది చదివి ఊరుకుంటారు, తొమ్మండుగురు అప్పుడప్పుడూ మాట్లాడతారు, ఒక్కరే తెగ రాస్తారు. వెబ్ వాడకం మీద పనిచేసే జేకబ్ నీల్సన్ 2006లో చెప్పిన మోటు లెక్క ఇది. మీ గ్రూపుకి అన్వయిస్తే 380 మందిలో గోల చేసేది నలుగురైదుగురు. అంటే మీ సమస్య గ్రూపు కాదు, ఆ నలుగురు. మిగతావాళ్లు మౌనంగా ఉన్నారని బాధపడి "అందరూ మాట్లాడండి" అని కదిలించకండి. అలా కదిలిస్తే మళ్లీ ఆ నలుగురే మాట్లాడతారు.

మొదట గ్రూపు ఎందుకో ఒక్క వాక్యంలో డిస్క్రిప్షన్‌లో రాయండి: "ఉద్యోగ, చదువు కబుర్లు, కలయికల సమాచారం, ఎవరికైనా సాయం కావలసినప్పుడు." ఆ వాక్యంలో ఇమడనిదల్లా బయటే.

తర్వాత నియమాలు. ఐదుకు మించితే ఎవరూ చదవరు. పాటించారో లేదో చూడగానే తెలిసేట్టు ఉండాలి. "మర్యాదగా ఉండాలి" అని రాస్తే ఏది మర్యాద అన్నదాని మీదే ఇంకో గొడవ మొదలవుతుంది. "ఫార్వర్డ్ గుర్తు ఉన్న సందేశం పెట్టకూడదు, చెప్పదలుచుకుంటే సొంత మాటల్లో రాయాలి", "రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా పోస్టులు వద్దు", "అమ్మకాలు ఆదివారం మాత్రమే" అంటే పేచీ ఉండదు. పుట్టినరోజుకి అడ్మిన్ ఒక్క పోస్టు పెడితే మిగతావాళ్లు దానికి రియాక్షన్ ఇస్తారు. ఈ ఒక్క మార్పుతోనే సందేశాలు సగానికి సగం తగ్గే గ్రూపులున్నాయి. నియమాల సందేశాన్ని పిన్ చేయండి. వాట్సాప్ పిన్ 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు మాత్రమే నిలుస్తుంది కాబట్టి నెలకోసారి మళ్లీ చేయాలి.

సెట్టింగ్స్ ఇలా పెట్టండి. గ్రూపు పేరు నొక్కి గ్రూప్ పర్మిషన్స్‌లోకి వెళ్లండి. గ్రూపు పేరు, ఫొటో మార్చే హక్కు అడ్మిన్లకే ఉంచండి. సభ్యుల్ని చేర్చే హక్కూ అంతే. "అప్రూవ్ న్యూ మెంబర్స్" ఆన్ చేయండి. ఆహ్వాన లింకు ఎప్పుడో ఎక్కడో పెట్టి ఉంటే దాన్ని రీసెట్ చేయండి. బయటివాళ్లు, పెట్టుబడి ఆశ చూపే మోసగాళ్లు వచ్చేది ఎక్కువగా ఆ పాత లింకుల మీదుగానే.

అడ్మిన్లు ముగ్గురుండాలి, వేర్వేరు బ్యాచుల వాళ్లయితే మేలు. మీరొక్కరే అడ్మిన్ అయి, ఫోన్ పోయో విసుగొచ్చో గ్రూపులోంచి వచ్చేస్తే, వాట్సాప్ తనంతట తానే ఎవరో ఒకరిని అడ్మిన్‌ని చేస్తుంది. అది ఆ నలుగురిలో ఒకరైతే ఇక చెప్పేదేముంది.

నియమం తప్పినవాళ్లతో ఎలా? మొదటిసారి సందేశం తీసేసి, విడిగా రాయండి: "అన్నా, ఫార్వర్డులు వద్దనుకున్నాం కదా, అందుకే తీసేశాను. ఇందులో నీకు నచ్చిందేమిటో రెండు ముక్కల్లో రాసి పెట్టు." పదిమందిలో మాత్రం హెచ్చరించకండి. నలుగురి ముందు అనిపించుకున్నవాడు పరువు కోసం పోట్లాడతాడు, విడిగా చెబితే చాలామంది సర్దుకుంటారు. రెండోసారి వారం రోజులు బయట. మూడోసారి పూర్తిగా. ఒక్క మనిషి నోరు మాత్రం కాసేపు కట్టేసే వీలు వాట్సాప్‌లో లేదు, తీసేయడమే మార్గం. టెలిగ్రామ్‌లో ఒక్కరిని మాత్రం కొన్ని గంటలో రోజులో రాయకుండా ఆపొచ్చు. డిస్కార్డ్‌లో టైమౌట్ 28 రోజుల దాకా ఇవ్వొచ్చు.

గొడవ రాజుకున్నప్పుడు తీర్పు చెప్పడానికి దిగకండి. సందేశాలు పంపే హక్కును అడ్మిన్లకు మాత్రమే ఇచ్చి, "రేపు ఉదయం ఎనిమిదికి తెరుస్తాం" అని ఒక్క లైను పెట్టండి. ఎప్పుడు తెరుస్తారో చెప్పకపోతే నోరు నొక్కేశారన్న కొత్త గొడవ మొదలవుతుంది. టెలిగ్రామ్‌లో స్లో మోడ్ పెడితే ఒక్కొక్కరు కొన్ని సెకన్ల నుంచి గంట దాకా ఆగితే గానీ రెండో మాట రాయలేరు. డిస్కార్డ్‌లో దాన్ని ఆరు గంటల దాకా పెట్టొచ్చు. చిలికి చిలికి గాలివాన అయ్యేది వెంటవెంటనే రాసే జవాబుల వల్లే కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది.

అడ్మిన్లు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. గొడవలో ఒక పక్షం సందేశాలే తీసేస్తారు, రెండో పక్షంవాడు స్నేహితుడు కాబట్టి. మీరన్న "మంచివాళ్లు వెళ్లిపోవడం" చాలాచోట్ల మొదలయ్యేది ఆ రోజునే. తీసేస్తే ఆ వాదన మొత్తం తీసేయండి.

ఇంకా సద్దుమణగకపోతే గ్రూపును వాట్సాప్ కమ్యూనిటీగా, అంటే ఒకే గొడుగు కింద కొన్ని గ్రూపులుగా, మార్చండి. ప్రకటనల గ్రూపులో అడ్మిన్లే రాస్తారు. కబుర్లకు, ఉద్యోగాలకు, రాజకీయాలకు వేరువేరు గ్రూపులు. రాజకీయాల గ్రూపు పెట్టడం వింతగా అనిపించొచ్చు కానీ, పోట్లాడుకోవాలనుకునేవాళ్లకు ఒక చోటు చూపిస్తే మిగతా చోట్ల ప్రశాంతంగా ఉంటుంది.

ప్రశ్న: ఎవరికీ తెలియకుండా గ్రూపులోంచి బయటికి రావడం కుదురుతుందా?

పూర్తిగా కుదరదు. వాట్సాప్‌లో 2022 నుంచి మీరు వెళ్లినట్టు అడ్మిన్లకు మాత్రమే సందేశం వెళ్తుంది. కానీ గత 60 రోజుల్లో వెళ్లిపోయినవాళ్ల జాబితాను సభ్యులెవరైనా చూడొచ్చు. బంధువుల గ్రూపైతే బయటికి రావడం కంటే "ఎప్పటికీ మ్యూట్", ఆర్కైవ్ చేయడమే ఇంటికి క్షేమం. మళ్లీ మళ్లీ అడక్కుండా చేర్చేస్తుంటే ప్రైవసీలో గ్రూప్స్ అన్నచోట "మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్" ఎంచుకుని వాళ్ల పేర్లు పెట్టండి. అప్పుడు వాళ్లు మీకు విడిగా ఆహ్వానం పంపాల్సి ఉంటుంది. మీరు ఒప్పుకోకపోతే మూడు రోజుల్లో అది చెల్లకుండా పోతుంది.

ప్రశ్న: నాకు థైరాయిడ్ తక్కువగా ఉంది, మాత్ర వేసుకుంటున్నాను. ఫేస్‌బుక్‌లో థైరాయిడ్ గ్రూపులో చేరాక చాలా తెలిసింది. అందులో కొందరు మాత్ర ఆపేసి ఆహారంతోనే బాగున్నామంటున్నారు. నమ్మొచ్చా?

మాత్ర ఆపకండి. ఆ పోస్టులు అబద్ధాలే కానక్కర్లేదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. మీరు వేసుకునే లెవోథైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. ఆపిన మొదటి రెండు మూడు వారాలు పెద్ద తేడా తెలియకపోవచ్చు. "ఆపేశాను, హాయిగా ఉంది" అన్న పోస్టు వచ్చేది ఆ వారాల్లోనే. రెండు నెలల తర్వాత నీరసం, ఒళ్లు బరువెక్కడం తిరిగొచ్చినప్పుడు ఆ మనిషే వచ్చి "నేను పొరబడ్డాను" అని రాయడం అరుదు. డోసు మార్చినా సరే, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్త) పరీక్ష మళ్లీ చేయించేది ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాకే. అంతకు ముందు మన ఒంటికి తోచినదాన్ని బట్టి నిర్ణయం తీసుకోలేం.

అలాగని గ్రూపు వదలకండి. రోగంతో రోజూ ఎలా నెగ్గుకురావాలో చెప్పేది అక్కడే. మాత్ర పరగడుపున వేసుకుని అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదనీ, కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలనీ హడావుడిలో డాక్టరు చెప్పకపోవచ్చు, చెప్పినా మనం మరిచిపోవచ్చు. గ్రూపులో రోజూ ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. జుట్టు రాలుతోందని బయోటిన్ వేసుకుంటే థైరాయిడ్ పరీక్ష ఫలితం తారుమారు కావొచ్చు, పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. ఇలాంటివీ అక్కడే తెలుస్తాయి. విన్నదాన్ని డాక్టరు దగ్గర ఒకసారి నిర్ధారించుకుంటే చాలు. అరుదైన జబ్బులవాళ్లకైతే గ్రూపు ఇంకా పెద్ద అండ. ఐరోపా సమాఖ్య లెక్కలో 2,000 మందిలో ఒకరికంటే తక్కువమందికి వచ్చేది అరుదైన వ్యాధి. అలాంటి జబ్బున్న మరో మనిషి ఎదురుపడకుండానే జీవితం గడిచిపోవచ్చు.

కాబట్టి ఒక గీత గీసుకోండి. "ఎలా" అన్న ప్రశ్నలు గ్రూపుకి: మాత్ర గుర్తుపెట్టుకోవడం ఎలా, పరీక్షకు సిద్ధం కావడం ఎలా, డాక్టర్ని ఏమడగాలి. "ఎంత", "ఆపాలా" అన్నవి డాక్టరుకి.

ఇంకో సంగతి. జబ్బు అదుపులో ఉన్నవాళ్లు గ్రూపులకు రావడం మానేస్తారు. తగ్గనివాళ్లే ఎక్కువగా రాస్తారు. అది చదివి అందరికీ ఇలాగే అవుతుందేమోనని బెంబేలుపడకండి.

రిపోర్టు ఫొటో పెట్టకండి. అందులో పేరు, వయసు, ఫోన్ నంబరు, రోగి నంబరు ఉంటాయి. ఫోన్‌లో వేలితో గీతలు కొట్టేసినా, మార్కర్ రంగు పలచగా ఉంటే ఫొటో వెలుగు పెంచి చదివేయొచ్చు. అంకెలు టైపు చేయండి, చాలు. అనామకంగా పోస్టు చేసే వీలున్న గ్రూపుల్లోనూ అడ్మిన్లకు మీరెవరో తెలియదని అనుకోకండి.

ప్రశ్న: ఎవరో నన్ను టెలిగ్రామ్ గ్రూపులో చేర్చారు. వీడియోలకు లైకు కొడితే డబ్బులిస్తున్నారు, రెండుసార్లు నిజంగానే వచ్చాయి. ఇప్పుడు "ప్రీపెయిడ్ టాస్క్" అంటున్నారు. కట్టనా?

కట్టొద్దు. వచ్చిన ఆ రెండు మొత్తాలు ఎర. గాలం ఇప్పుడు వేస్తున్నారు.

ఇది నడిచే పద్ధతి దాదాపు ఎక్కడైనా ఒకటే. మొదట చిన్న పని, చిన్న చెల్లింపు. తర్వాత కొంత కడితే ఎక్కువ వస్తుందంటారు. వాళ్లిచ్చిన లింకుతో పెట్టుకున్న యాప్‌లో మీ సొమ్ము పెరుగుతున్నట్టు అంకెలు కనిపిస్తాయి. ఆ అంకెలు వాళ్లే టైపు చేస్తారు. తీసుకుందామంటే "పన్ను కట్టాలి", "ఖాతా స్తంభించింది, విడిపించడానికి కట్టాలి" అంటారు. గ్రూపులో లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టే "సభ్యుల్లో" చాలామంది వాళ్ల మనుషులే, ఒక్కడే పది ఖాతాలు నడపొచ్చు.

షేర్ల చిట్కాల గ్రూపుల్లో ఇంకో రకం ఉంది. పెద్దగా లావాదేవీలు జరగని చిన్న కంపెనీ షేరును నిర్వాహకులు ముందే కొనిపెట్టుకుంటారు. తర్వాత "రేపు పెరుగుతుంది" అని గ్రూపులో చాటుతారు. సభ్యులు ఎగబడి కొనడంతో ధర నిజంగానే పెరుగుతుంది. ఆ ధరకి వాళ్లు అమ్ముకుని తప్పుకుంటారు. మొదటి చిట్కా ఫలించిందన్నది వాళ్ల నిజాయితీకి రుజువు కాదు, ఈ మోసం సాగాలంటే అది ఫలించి తీరాలి.

అనుమానం తీరాలంటే ఒక పని చేసి చూడండి. గ్రూపులో మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: "మీ సంస్థ నమోదు నంబరు చెబుతారా? నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకుంటాను." నిజమైన సలహాదారు నంబరిస్తాడు. మోసగాడైతే నిమిషాల్లో మీ సందేశం మాయమవుతుంది, లేదా మీరే బయటుంటారు. నంబరిచ్చినా ఆ సంస్థ వెబ్‌సైట్‌ను మీరే వెతికి తెరవండి, వాళ్లు పంపిన లింకుతో కాదు.

ఇప్పటికే డబ్బు పోయినవాళ్లు గ్రూపు వదలకముందే అంతా స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. టెలిగ్రామ్‌లో అవతలివాళ్లు సంభాషణను మీ ఫోన్‌లోంచి కూడా చెరిపేయగలరు. తర్వాత వెంటనే బ్యాంకుకి ఫోన్, ఆపైన మీ దేశపు సైబర్ నేరాల విభాగానికి ఫిర్యాదు. గంటలు గడిచేకొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది. "మీ డబ్బు రాబడతాం, ముందు రుసుము కట్టండి" అని కొన్నాళ్లకు ఎవరైనా ఫోన్ చేస్తే, అది అదే మోసంలో రెండో అంకం.

ప్రశ్న: మా పెదనాన్నగారు కుటుంబ గ్రూపులో రోజూ అబద్ధపు వార్తలు పెడతారు. తప్పని చెబితే అలుగుతారు. ఏం చేయాలి?

ఆయనొక్కరి బలహీనత కాదిది. 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించిన అధ్యయనం 2018లో సైన్స్ పత్రికలో వచ్చింది. నిజంకంటే అబద్ధాన్ని ఇతరులకు పంచే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. 1,500 మందికి చేరడానికి అబద్ధానికి పట్టిన కాలంకంటే నిజానికి ఆరు రెట్లు పట్టింది. దీనికి కారణం తమంతట తామే పోస్టులు పెట్టే యంత్ర ఖాతాలు కావు, మనుషులే. కొత్తగా, ఆశ్చర్యంగా అనిపించేదాన్ని పదిమందికీ చెప్పాలనిపిస్తుంది మరి.

ఆయన పంపిన సందేశం మీద రెండు బాణాల గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ కట్టడి పెట్టింది. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో వేసి, అది మొదట ఎప్పుడు ఎక్కడ కనిపించిందో వెతకండి. వీడియో అయితే ముఖ్యమైన చోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి అదే చేయండి. తప్పుడు వార్తల్లో కొత్తగా అల్లినవాటికంటే పాత ఫొటోకి కొత్త పేరు పెట్టినవే ఎక్కువగా తగులుతుంటాయి. వాటిని పట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

చెప్పడం మాత్రం గ్రూపులో కాదు, ఫోన్‌లో. "పెదనాన్నా, మీరు పంపిన వీడియో చూసి నాకూ భయమేసింది. వెతికితే అది చాలా ఏళ్ల కిందటిదని తేలింది. మీకెవరు పంపారో వాళ్లకూ చెబుదామా?" ఇందులో ఆయన తప్పు చేశారన్న మాట లేదు, తప్పును సరిదిద్దే పెద్దరికం ఆయనకే ఇచ్చారు. గ్రూపులో సవరణ పెట్టాల్సి వస్తే నిజాన్ని మొదటి వాక్యంలో రాయండి. పాత ఫొటోను మళ్లీ అతికించకండి. చాలామంది ఫొటో చూసి కింద రాసింది చదవరు.

ఒక్కసారితో మారతారనుకోకండి. "పంపేముందు ఒకసారి నువ్వు చూడు" అని ఆయనే మీకు విడిగా పంపడం మొదలుపెడితే పని అయినట్టే.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఆటల కోసం డిస్కార్డ్‌లో చేరతానంటోంది. ఒప్పుకోవచ్చా?

డిస్కార్డ్‌కి కనీస వయసు చాలా దేశాల్లో 13. మీ దేశంలో ఎంతో ముందు చూడండి, ఆస్ట్రేలియా వంటి చోట్ల పిల్లల సోషల్ మీడియా ఖాతాలపై ప్రత్యేక చట్టాలొచ్చాయి. ఒప్పుకునేట్టయితే ఖాతా మీరు పక్కన ఉండగా తెరవాలి, పుట్టినతేదీ నిజమైనదే ఇవ్వాలి. వయసు పెంచి రాస్తే పిల్లలకిచ్చే రక్షణలన్నీ పోతాయి.

ఒక్క సెట్టింగ్ తప్పనిసరి. సర్వర్‌లోని తెలియనివాళ్లు నేరుగా సందేశాలు పంపకుండా ఆపేయండి. పెద్ద సర్వర్లలో హాని చేసేవాళ్లు అందరి ముందూ ఏమీ అనరు, పక్కకు పిలిచి విడిగా మాట్లాడతారు. డిస్కార్డ్‌లో అమ్మానాన్నల కోసం ఉన్న ఫ్యామిలీ సెంటర్‌ను ఆమె ఖాతాతో కలుపుకుంటే, ఆమె ఎవరిని స్నేహితులుగా చేర్చుకుంది, ఏ సర్వర్లలో ఉంది, ఎవరితో మాట్లాడింది మీకు తెలుస్తుంది. ఏం మాట్లాడిందో తెలియదు. ఆ వయసుకి అది సరైన హద్దే అని మా అభిప్రాయం. సందేశాలన్నీ చదివే అమ్మానాన్నలున్న పిల్లలు రెండో ఖాతా తెరుచుకుంటారు.

"ఇంకో యాప్‌లోకి వెళ్దాం", "మీవాళ్లకు చెప్పకు", "ఫొటో పంపు". ఈ మూడిట్లో ఏ మాట విన్నా వెంటనే మీ దగ్గరికి రమ్మనండి. వస్తే ఫోన్ లాక్కోనని ముందే మాటివ్వండి. చాలామంది పిల్లలు దాచేది ఆ భయంతోనే.

ప్రశ్న: ఒక గ్రూపులో పరిచయమైనవాడు నా వ్యక్తిగత ఫొటోలు అందరికీ పంపుతానని బెదిరిస్తున్నాడు. (వివరాలు వేయొద్దన్నారు)

డబ్బు ఇవ్వకండి. ఇస్తే మళ్లీ అడుగుతాడు. బెదిరింపు సందేశాలు, వాడి ఖాతా పేరు, నంబరు, తేదీలు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఆ తర్వాతే రిపోర్టు చేసి బ్లాక్ చేయండి. ముందే బ్లాక్ చేసి చాట్ చెరిపేస్తే సాక్ష్యం పోతుంది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు స్టాప్ ఎన్‌సీఐఐ అనే వెబ్‌సైట్ వాడుకోవచ్చు. ఆ ఫొటోకి ఒక సంకేత సంఖ్య మీ ఫోన్‌లోనే తయారవుతుంది, ఫొటో ఎక్కడికీ వెళ్లదు. ఆ సంఖ్య అందుకున్న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి సంస్థలు అదే ఫొటో ఎవరైనా ఎక్కిస్తే గుర్తుపట్టి ఆపుతాయి. పద్దెనిమిదిలోపు వాళ్లకు టేక్ ఇట్ డౌన్ అన్న సేవ ఉంది. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేవాటిని మాత్రం ఇవి ఆపలేవు. అందుకే పోలీసు ఫిర్యాదు కూడా తప్పదు. ఇంట్లో నమ్మకమైన ఒక్కరికి ఈ రోజే చెప్పండి. అవతలివాడి బలమంతా మీరు ఎవరికీ చెప్పరన్న ధీమాలోనే ఉంది.

ప్రశ్న: మా తోటల గ్రూపులో ఏళ్ల తరబడి పోగైన సమాచారం ఉంది: ఏ తెగులుకు ఏం చేశారు, ఏ నెలలో ఏం నాటారు. ఇది ఎప్పటికీ ఉంటుందా?

ఉండదనుకునే ఏర్పాటు చేసుకోండి. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్‌లోని మామూలు ఖాతాలు 2019 ఏప్రిల్ 2న పోయాయి. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న ఆగిపోయింది. అందులో దాచుకున్న ఫైళ్లు, ఫొటోలు అంతకు ముందే తొలగించారు. గడువులోగా దించుకోని గ్రూపుల జ్ఞాపకాలన్నీ గల్లంతయ్యాయి.

సంభాషణను ఫైలుగా తీసుకోవడానికి వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ ఉంది కానీ దానికి పరిమితి ఉంది. ఫొటోలు లేకుండా ఇటీవలి 40,000 సందేశాలు, ఫొటోలతో అయితే 10,000 మాత్రమే వస్తాయి. గ్రూపు బాగా నడిచేదైతే పాతవి అందులో రావు, అందుకే ఆరు నెలలకోసారి తీసిపెట్టండి. మీరు చేరకముందు జరిగిన సంభాషణ చాలావరకు మీ ఫోన్‌లో ఉండదు కాబట్టి ఈ పని మొదటినుంచీ ఉన్న సభ్యుడు చేయాలి. అలా తీసిన ఫైలును మళ్లీ వాట్సాప్‌లోకి ఎక్కించలేం, చదువుకోవడానికే పనికొస్తుంది. టెలిగ్రామ్ అయితే కంప్యూటర్‌లోని యాప్‌తో మొత్తం చరిత్ర ఫొటోలతో సహా దించుకోవచ్చు.

అయినా వేల సందేశాల మధ్య మీకు కావలసిన తెగులు మందు వెతకడం కష్టం. ఇద్దరు సభ్యులు నెలకోసారి కూర్చుని పనికొచ్చిన జవాబుల్ని ఒక షేర్డ్ డాక్యుమెంట్‌లో పంటవారీగా రాసుకోవడం మేలు. పంట, తెగులు లక్షణం, చేసింది, ఎన్ని రోజులకు ఫలితం, పనిచేయకపోతే ఆ సంగతీ. అందులో సభ్యుల పేర్లు, నంబర్లు పెట్టకండి. వాళ్లు చెప్పింది గ్రూపుకి, బయటికి కాదు. డాక్యుమెంట్ ఇద్దరి ఖాతాల్లో ఉండాలి, మూడో ప్రతి కంప్యూటర్‌లో. దించుకున్న ఫైలు మూసేసి, ఇంకో ఫోన్‌లో తెరిచి, ఫొటోలు కూడా వస్తున్నాయో లేదో చూసుకోండి.